పొంగిన రసం

"ఒక్క చుక్క తాగినా కల్లు కల్లే, ఆశీర్వాదం. రేపు నీకు ప్రభు బల్ల లేదు," అన్నాడు రాచర్ల గుడి పాస్టరు నిత్యానందం.

వైను ముట్టకూడదని మిషను దొర అన్నప్పటి నుంచీ, ప్రభు బల్ల ఆరాధనలో రొట్టెతో పాటు ఇచ్చేది ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన రసమే. గుడి పనులు చూసే భాగ్యమ్మ మొన్న తీసిపెట్టిన ఆ రసం ఇప్పుడు కుండలో నురుగు కక్కుతోంది.

పాస్టరు ఒక గిన్నెడు తాగి చూశాడు. చెవులు వెచ్చబడ్డాయి.

"దీంట్లో ఏం కలిపినావమ్మా?"

"ఏమీ కలపలేదయ్యా. ఈ ఎండలకు అదే పొంగింది."

"కల్లులో మాత్రం ఎవరేం కలుపుతారయ్యా," అన్నాడు ఆశీర్వాదం. "అదీ ఇట్లనే పులుస్తాది."

పాస్టరు ఖాళీ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పారబోయనా అయ్యా?" అంది భాగ్యమ్మ.

"ఆగమ్మా," అంటూ ఆయన గిన్నె చాపాడు. "ఇంకొంచెం పొయ్యి. తొందరపడి తీర్పు చెప్పకూడదు."