ఐలయ్య సాక్ష్యం

“చెప్పాలంటే సిగ్గయితది బిడ్డా,” అన్నాడు ఐలయ్య, మైకును తేలును చూసినట్టు చూస్తూ.

“సిగ్గెందుకు తాతా! చిన్నప్పుడు ఈ గోడల నడుమ నువ్వేం జూసినవో గదే చెప్పు,” అంది రజిత.

చందానగర్ సందులోని ఆ ప్రెస్బిటేరియన్ చర్చిలో ఆదివారం ఆరాధన అప్పుడే ముగిసింది. ఆరాధన జరిగే ఆ పాత పెంకుల హాలు పడగొట్టి, సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఐదంతస్తుల హాస్టలు కట్టాలని సంఘ పెద్దల పట్టు. రజిత తల్లి పెళ్ళీ, తన పెళ్ళీ ఆ పెంకుల కిందే జరిగాయి. హాలు పోతుందంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

“పూర్వం నుంచి ఇక్కడ భక్తి నడిచిందని ఒక్క పాత మనిషితోని సాక్ష్యం చెప్పించమ్మా. కూలగొట్టం,” అన్నాడు పెద్దల్లో పెద్ద దేవదానం.

వారం రోజులు వెతికితే కూరగాయల అంగట్లో దొరికాడు ఐలయ్య. తొంభై దాటిన మనిషి. పుట్టింది ఆ సందులోనే.

గొంతు సవరించుకున్నాడు.

“చిన్నప్పుడు పొద్దుమూకులు గీడనే ఉంటుంటి. ఆదివారమైతే ఇసుకేస్తే రాలకపోయేది జనం.”

“ఆమేన్!” అంది ముందు వరుస.

ఐలయ్య ఉలిక్కిపడ్డాడు. అయినా హుషారొచ్చింది.

“పటేలని లేదు, పాలేరని లేదు. అందరు ఒక్క బల్ల మీదనే కూసుంటుండె.”

“స్తోత్రం!”

“బయట తన్నుకున్నోళ్ళు లోపటికొచ్చి మెడల మీద చేతులేసుకుంటుండె. ఏడ్చుకుంట వచ్చినోడు పాడుకుంట వోతుండె.”

“హల్లెలూయా!” డోలక్ వాయించే జశ్వంత్ చెయ్యి ఆగక ఒక దరువేశాడు.

“వాన గొట్టినా, పెండ్లాం మొత్తుకున్నా ఆగకపోతుండిరి. ఇగ జూడుండ్రి, నడిచి వచ్చినోళ్ళు మోకాళ్ళ మీద పోతుండిరి!”

మోకాళ్ళ మీద! హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లకు పెంకుల మీది పావురాలు లేచిపోయాయి. దేవదానం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“గంత భక్తి మనకేదయ్యా! ప్రసంగం పది నిమిషాలు ఎక్కువైతే మనం ఫోన్లు జూస్తం.”

పెద్దల చేతులన్నీ ఒక్కసారే పైకి లేచాయి. హాలు నిలిచింది.

రజిత కాళ్ళు నేల మీద ఆగడం లేదు. ఐలయ్యను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. చర్చి చరిత్ర ఆ నిమిషంలోనే రాసెయ్యాలనిపించి ఫోను తెరిచింది.

“తాతా, అప్పటి పాస్టరు పేరేంది?”

“పాస్టరా?” ఐలయ్య చాయ్ ఊదుకుంటూ ఆలోచించాడు. “గాయనెవరో నాకెర్క లేదు బిడ్డా.”

“మరి ముందట నిలబడి అంతమందిని చూసుకున్నదెవరు?”

“ఇంకెవరు, కల్లు వోసేది మా నాయినే.”