ఎంక్వైరీ మర్యాద

ఆఫీసరమ్మ పదకొండింటికి ఎంక్వైరీకి వస్తుందని కబురు రాగానే పూలమ్మ ఇల్లు ఊడ్చి, వాకిలి కడిగి, ముగ్గేసింది. వచ్చిన మనిషిని కూర్చోబెట్టడానికి మాత్రం ఇంట్లో ఒక్క చాపే ఉంది.

కొడుకూ కోడలూ పోయాక మనవరాలు పూజనీ, మనవడు నవీన్‌నీ పూలమ్మే సాకుతోంది. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలు ఏరితే వచ్చే కూలి బియ్యానికీ పప్పుకీ సరి. తల్లిదండ్రులు లేని పిల్లలకు సర్కారు నెలనెలా ఇచ్చే సాయం అందితే పూజ చదువు సాగుతుంది. అందకపోతే వచ్చే నెల నుంచి ఆ పిల్లా మిరపకాయల దగ్గరికే.

ఎదురింటి సరస్వతికి సంగతి తెలిసింది. కిరాణా కొట్టు, రెండంతస్తుల ఇల్లు ఉన్న మనిషి. చేతికి ఎముక లేదు, నోటికి తాళం లేదు.

"ఆఫీసరమ్మను చాప మీద కూసోబెడ్తవా? మన వాడ ఇజ్జత్ పోతది. జర ఆగు," అంది.

గంటలో తన మేడ మీద నుంచి సోఫా, కూలర్, గాజు బల్ల దింపించి, పూలమ్మ గదిలో సర్దించి, కొట్టుకు వెళ్లిపోయింది. గది పెళ్లివారి విడిదిలా తయారైంది. పూలమ్మ మురిసిపోయింది.

మర్యాద మరీ ఎక్కువైందని కనిపెట్టింది పూజే.

"బాపమ్మా, గివన్ని సూస్తే మనం లేనోళ్లమని ఎట్ల రాస్తరే?"

పూలమ్మ సోఫాను బయటికి తోయబోయింది. అప్పటికే ఆఫీసరమ్మ పద్మలత మేడం ఆటో దిగి గుమ్మంలో నిలబడింది. సోఫా వంక చూసింది. కూలర్ వంక ఇంకాసేపు చూసింది.

"మేడం, ఇవి మాయి గావు. ఎదురింటోళ్లయి."

"ఎంక్వైరీకి ఏ ఇంటికి పోయినా గిదే మాట చెప్తరవ్వా."

పూజ కూలర్ స్విచ్ వేసింది. అది తిరగలేదు. మేడమే లోపలికి వచ్చి దాని పక్కన ఒక్కటి చరిచింది. తిరిగింది. ఆఫీసర్లకు రాని పని ఉండదు కాబోలు అనుకుంది పూలమ్మ. తనను అబద్ధాలకోరు కింద జమకట్టేసిందని ఏడుపొచ్చి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మేడం కూలి ఎంతో అడిగింది. పిల్లల బడి కాగితాలు చూసింది. చివరికి రాసింది పైకి చదివింది: "ఇంట్లో చెప్పుకోదగ్గ సామాను ఏమీ లేదు. సాయం వెంటనే మంజూరు చేయవచ్చు."

పూలమ్మ నోరు తెరిచింది. "నా మాట ఎట్ల నమ్మినవ్ బిడ్డా?"

పద్మలత ఫైలు మూసి నవ్వింది.

"మొన్న డీసీఎం బండిల గీ సామాను ముందుగాల పంపి, రేపు మీ ఎదురింటి మేడ మీదికి కిరాయికి దిగేది నేనే అవ్వా."