లోపల ఉన్నవారు

పామర్రు విత్తనాల గోదాములో రైతుల వివరాలు కంప్యూటర్‌కెక్కిన కొత్త రోజులవి. ఆ తెరను మనకు నచ్చినట్టు ముస్తాబు చేసిపెట్టే ప్రోగ్రాములు రెండు బెజవాడ నుంచి సీడీల్లో వచ్చాయి.

"రెండిట్లో ఏది నమ్మకమైందో పొద్దున్నకల్లా తేల్చవయ్యా ఖాలిక్. నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తా" అన్నాడు యజమాని కాశీరావు.

రాత్రి పదయింది. గోదాములో ఖాలిక్ ఒక్కడే. మొదటిది తెరవగానే బొత్తాలన్నీ కొత్త పెళ్లికూతురి గాజుల్లా తళతళలాడాయి. అడుగున చిన్న అక్షరాల్లో, "లోపల ఉన్నవారు: ఒకరు" అని ఉంది. సరే, తనేగా! అది మూసి రెండోది తెరిచాడు.

"లోపల ఉన్నవారు: ఇద్దరు."

ఊరు మొత్తానికి ఉన్నదే ఆ ఒక్క కంప్యూటరు. దాన్ని బయటి కంప్యూటర్లతో కలిపే తీగ కూడా లేదు.

"ఓరి కోతలరాయుడా!" అని నవ్వుకుని, కాగితం మీద మొదటిదానికి టిక్కు పెట్టాడు.

ఎందుకైనా మంచిదని మొదటిదాన్నే మళ్లీ తెరిచి, తెరిచేటప్పుడు ఇచ్చిన తన పేరు అందులోంచి తీసేశాడు. ఇక సున్నా చూపాలి కదా.

"ఒకరు" అనే ఉంది.

మరి ఇందాక అది లెక్కపెట్టింది తనను కాదా? అయితే నిజం చెప్పింది రెండోదా? మొదటిదానికి పెట్టిన టిక్కును గీత గీసి కొట్టేశాడు. బస్తాల వెనక ఎలకల అలికిడి ఎప్పుడు ఆగిపోయిందో అతనికి తెలియలేదు.

బయటినుంచి వాచ్‌మన్ రాంబాబు కేకేశాడు. "ఖాలిక్ గారూ, టీ కొట్టు కట్టేస్తున్నాడండోయ్! లోపలికి ఎన్ని టీలు తెమ్మంటారు?"

ఖాలిక్ జవాబు చెప్పేముందు, తెర అడుగున ఉన్న లెక్క మరోసారి చూసుకున్నాడు.