డాక్టరుగారి మూడు మాటలు

"మెదడుకి నెత్తురు సగమే పారుతోంది. అయినా పోయినేడు జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక్క మార్కు పోలేదు!" స్కాన్ చూస్తూ డాక్టర్ నాగసావా మురిసిపోయాడు. "కియో గారూ, పక్షవాతం వచ్చాక మీరేం తింటున్నారో చెప్పండి. నా పరిశోధనకి కావాలి."

"ముల్లంగి ఊరగాయ. ఉప్పెక్కువని నువ్వు తినొద్దన్నావే, అదే," అంది మా అత్తగారు.

మహానుభావుడు అదీ రాసుకున్నాడు. చదువుకున్నవాడి వెర్రి చూడాలి! ఏటా అడిగేవి అవే ప్రశ్నలు. పరీక్ష దగ్గరపడితే చాలు, ఊళ్లో పరువు పోకుండా, మా అకితా వైపు కోడళ్లందరం ముసలాళ్ల చేత జవాబులు వల్లె వేయిస్తాం. ఈయన మాత్రం మా ఊరగాయని నమ్ముతాడు.

"ఇప్పుడు మూడు మాటలు చెప్తాను. గుర్తు..."

"చెర్రీపువ్వు, పిల్లి, రైలు," అనేసింది అత్తగారు.

డాక్టర్ పెన్ను ఆగిపోయింది. నేను తల దించుకున్నాను. ఆయన నన్ను చూపించి, "ఈవిడెవరండీ?" అని అత్తగారిని అడిగాడు.

"నాకు పాఠం చెప్పే పంతులమ్మ. బంగారుతల్లి!" అత్తగారు నా చెయ్యి నిమిరింది. "మా కోడలూ ఉంది, ఎందుకు? ఒక్కనాడైనా నా పక్కన కూచున్న పాపాన పోలేదు."