రెండో గొంతు

విశాఖలో ప్రతి ఇంటి గోడా పాడుతున్న రోజులవి. వరహాలమ్మ గోడలో ఎక్కడో యూరప్‌లోని లిథువేనియా అడవి మోగేది. పైన్ చెట్ల గాలి, తేనెటీగల రొద, వాటి మధ్య ఇద్దరు ఆడవాళ్ల పాతకాలపు పాట. ఒకరి మాట పూర్తికాకముందే రెండోవారు అందుకునేవారు.

"ఒక గొంతు తీసెయ్ బాబూ. అది నేను పాడుకుంటాను" అందామె, గోడలు బాగుచేసే నూకరాజుతో.

"ఒక్కలితో ఇది పాటవదు మామ్మా."

"అందుకే తియ్యమంటన్నాను."

తీశాడు. మర్నాటి నుంచి ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, బట్టలు మడతపెడుతూ గోడకు జతగా పాడింది. ఆ మాటల అర్థం తెలియదు. ఆయాసంతో ఆమె ఆగితే, గోడ కూడా ఆగి ఎదురుచూసేది. భర్త పోయాక ఆమె కోసం ఆగినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఓసారి జ్వరంతో మూడు రోజులు నోరు విప్పలేకపోయింది. నాలుగోనాడు కాస్త తేరుకుని, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. గోడ పాట ఎత్తుకుంది. ఆమె నోరు తెరిచేలోపే రెండో గొంతు అందుకుంది.

గోడ నేర్చేసుకుంది. అచ్చం ఆమె గొంతే, ఆయాసం ఒక్కటే లేదు.

పాట ఎక్కడా ఆగలేదు.