నలభై రెండో సాక్ష్యం

"మళ్ళీ వచ్చిందిరా బాబూ ఈవిడ!"

కౌంటరు వెనక గుమాస్తా పెన్ను బల్లమీద పడేశాడు.

దరఖాస్తుల గడువు ఇంకా రెండు రోజులే. యుద్ధకాలంలో పరాయి సైన్యం ఊరిని ఆక్రమించి, ఆడపిల్లల్ని ఇళ్ళలోంచి లాక్కుపోయి, పెద్ద షెడ్డులో పెట్టి సిపాయిల బట్టలు కుట్టించింది. బతికి బయటపడ్డవాళ్ళకి ఇన్నేళ్ళకి పరిహారం, పేరు రాసిన క్షమాపణ పత్రం ఇస్తామన్నారు. కాగితాలేవీ మిగల్లేదు కాబట్టి, ఆ షెడ్డులో చూశామని ఒకరు సాక్షి సంతకం పెట్టాలి.

ఈ ముసలావిడ నెల రోజుల్లో నలభై ఒక్క మందికి పెట్టింది!

పొద్దున్నే వచ్చేది. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. గోడవార నిలబడి, లోపలికొచ్చే ప్రతి ముసలమ్మ మొహంలోకీ తేరిపార చూసేది. పోల్చుకుందంటే తిన్నగా కౌంటరు దగ్గరికే.

"షెడ్డులో నంబరు రెండువందల పదిహేడు. కాజాలు కుట్టేది. నేను సాక్షిని."

ఆ వచ్చినవాళ్ళు ఈవిడతో ఒక్క మాటా మాట్లాడేవారు కాదు. తల దించుకుని సంతకం చేసి, గబగబా మెట్లు దిగిపోయేవారు.

గుమాస్తాకి ఒళ్ళు మండేది. ఎవరి నంబరు వాళ్ళకి గుర్తుందంటే సరే, అందరి నంబర్లూ ఈవిడకెలా తెలుసు? ఎక్కడో జాబితా సంపాదించి బట్టీపట్టి ఉంటుంది. బ్రోకరు, సందేహమే లేదు.

అసలు మంట వేరే ఉంది. ఊరందరి కాగితాలూ తన చేతిమీదుగానే పోతున్నాయి, కన్నతల్లి కాగితం తప్ప. ఆవిణ్ణి పదమూడో ఏట ఆ షెడ్డులోకే పట్టుకుపోయారు. దరఖాస్తు మాట ఎత్తితే చాలు, పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయని లేచిపోయేది. పొయ్యి వెలిగించకపోయినా సరే.

ఆ పొద్దునే ఎలాగో మెత్తబడింది.

"రేపొస్తాలేరా. సాక్షిని మాత్రం నువ్వే వెతుక్కో. నా పక్కన కుట్టినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. తలెత్తనిచ్చేవారు కాదు, వేరే వరసలవాళ్ళకి నా మొహమే తెలీదు."

అప్పట్నుంచీ అతనికి కాలు నిలవడం లేదు. ఎక్కడని వెతకాలి? ఎవరినని అడగాలి? అలాగని ఈ బ్రోకరు సంతకంతోనా అమ్మ పేరెక్కడం? ఛీ!

ముసలావిడ కౌంటరు దగ్గరికొచ్చింది. వెనక ఇంకో ముసలమ్మ.

"మూడువందల నాలుగు," అంది.

"ఆగండి. అందరివీ సరే, మీ దరఖాస్తు ఏదీ?"

"నాకు లేదు బాబూ."

"మీరూ అక్కడున్నవారేగా?"

"ఉన్నాను."

"మరి పెట్టుకోరేం?"

"నాకు రాదు."

"రాదని ఎవరన్నారు?"

"ఒకరు చెప్పాలా బాబూ?"

"తలకి ఎంత తీసుకుంటున్నారేంటి?"

ముసలావిడ మొహం పాలిపోయింది. వెనకావిడ ఏదో అనబోయి, పెదవి కొరుక్కుంది.

గోల విని లోపల్నుంచి ఆఫీసరు వచ్చాడు. సంగతంతా విన్నాడు.

"అయినవి పోనీవయ్యా. ఇకమీదట ఈవిడ సంతకం తీసుకోకు."

"బాబూ, ఇంకా రావాల్సినవాళ్ళున్నారు. ఈ రెండు రోజులూ..."

"వెళ్ళమ్మా, వెళ్ళు! ముందా తలుపు దాటు!" కసిరాడు గుమాస్తా.

ముసలావిడ చేతులు జోడించింది. ఎవరికో తెలియలేదు. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

పీడ వదిలిందనుకున్నాడు గుమాస్తా. సాయంత్రం సైకిలేసుకుని నాలుగు పేటలు తిరిగాడు. ఒకావిడ మంచాన పడి మాట పోయిందట, ఇంకో ఇంటికి తాళం. సాక్షి దొరకలేదు.

మర్నాడు నాలుగింటికి అమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. మెట్లెక్కిన ఆయాసంతో కౌంటరు పట్టుకుని నిలబడింది.

"సాక్షి ఏడిరా?"

అతను కౌంటరుమీద కాగితాలు సర్దాడు.

"ఒకావిడ ఉండేదమ్మా. దొంగ సాక్షి. నిన్ననే తరిమేశాం."

"దొంగని నీకెవరు చెప్పారు?"

"షెడ్డులో అందరి నంబర్లూ గడగడా చెప్పేస్తుందమ్మా! ఎక్కడైనా ఉంటుందా?"

అమ్మ చెయ్యి కౌంటరుమీద బిగుసుకుంది.

"ఫొటో ఉందా?"

సాక్షి పత్రం తీసి చూపించాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఎక్కడుంది ఈవిడ? పిలిపించు."

"తెలిసినావిడేనా? మీ షెడ్డు మనిషేనా అమ్మా?"

"ముందు పిలిపించరా!"

అతను పత్రంలో ఉన్న లాడ్జికి ఫోన్ చేశాడు. మోగీ మోగీ ఎవరో ఎత్తారు. పొద్దున్నే గది ఖాళీ చేసిందిట. ఏ ఊరో చెప్పలేదుట. మళ్ళీ చేశాడు, అదే జవాబు. బస్టాండుకి పరుగెత్తాడు. ప్రతి బస్సూ ఎక్కి దిగాడు, కండక్టర్లతో తిట్లు తిన్నాడు. తిరిగొచ్చేసరికి అయిదు దాటింది. ఆఫీసరు దరఖాస్తుల పెట్టెకి సీలు వేయించేశాడు.

అమ్మ బెంచీమీదే కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ పత్రం.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "నీతోపాటు కష్టపడ్డ మనిషని తెలియక..."

"మావాళ్ళు చెప్తే ఏముందిరా? మాకు తెలిసిందేగా. అటువైపువాళ్ళు ఒక్కరు, ఒకే ఒక్కరు, నలుగురిలో నిలబడి అవునని ఒప్పుకోవాలని యాభై ఏళ్ళు చూశాను."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫొటోమీద వేలు పెట్టింది.

"ఈవిడ మాతో ఒక్కరోజూ కుట్టలేదు నాయనా. ఆ షెడ్డుకి బయటినుంచి తాళం వేసింది ఈవిడే."