ఇంక్యుబేటరుకు తాళం

"నా సీసాలు ఎవరో ముట్టుకున్నారు."

చిన్న డాక్టరు గొంతు విని, పక్క బల్ల దగ్గర మైక్రోస్కోపులో తల దూర్చి ఉన్న స్నేహితురాలు ఇటు తిరిగింది.

"ఎలా తెలుసు?"

"రెండు రోజులు వార్డులోనే ఉండిపోయాను. ఈపాటికి సీసాల్లోని కణాలకు తిండి అయిపోయి, ద్రవం పసుపు రంగుకు తిరిగి ఉండాలి. చూడు, ఎర్రగా నిగనిగలాడుతోంది."

"అంటే ఎవరో తిండి పెట్టారన్నమాట. దొంగతనానికి వచ్చినవాడు వడ్డించి పోతాడటే?"

"నా కణాలు కాసిని తీసుకుని, తెలియకుండా నింపి పెట్టి ఉంటాడు."

ఆ మాట తేలిగ్గా అన్నది కాదు. పొద్దున కేన్సర్ వార్డు, మధ్యాహ్నం నుంచి ల్యాబు. వైద్యమూ పరిశోధనా రెండూ నేర్పే ఆ శిక్షణలో ఆమెది మొదటి ఏడు. నెలాఖరుకి కమిటీ ముందు ఆ కేన్సర్ కణాలను బతికించి చూపించాలి. లేకపోతే పరిశోధనకు నమస్కారం పెట్టి కిందికి దిగిపోవాల్సిందే.

అనుమానమంతా ఒక్కడి మీదే. ఎదురు ల్యాబులోకి కొత్తగా వచ్చిన టెక్నీషియను, ఆ గళ్ళచొక్కా మనిషి. ఎవరితోనూ కలవడు. ఆమె ఎదురుపడితే మాత్రం ఏదో చెప్పబోయి ఆగిపోతాడు.

"ఆ నంగనాచి చూపు చూశావా?" అంది స్నేహితురాలితో.

కింద, వార్డు చివర ఒక గాజు గది. ఏ చిన్న క్రిమీ సోకకూడదని ఒక పెద్దావిడను అందులో ఉంచారు. ఇంట్లోవాళ్ళు కూడా లోపలికి రాకూడదు. అద్దం బయట నుంచుని చూసి పోవాలి. ఊపిరి అందనప్పుడు ఆవిడ బెదిరిపోయేది. చిన్న డాక్టరు అద్దానికి వీపు పెట్టి కూర్చుని, చెయ్యి పట్టుకుంటే తేరుకునేది.

"ఇక వెళ్తాను పెద్దమ్మా. పైన కణాలకు తిండి పెట్టాలి."

"నన్ను పీక్కుతింటున్నది చాలక, వాటికి తిండి కూడానా?" ఆక్సిజన్ మాస్కు వెనక నవ్వింది ఆవిడ. "కూర్చో తల్లీ. వాటిని చూసుకునేవాళ్ళు ఉంటార్లే."

మందుల మగతలో ఏదో అంటోందనుకుంది చిన్న డాక్టరు. అయినా కూర్చుంది.

ఆలస్యంగా పైకి వెళ్ళేసరికి, కణాల సీసాలను వెచ్చగా ఉంచే ఆమె ఇంక్యుబేటరు తెరిచి, గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉన్నాడు గళ్ళచొక్కా.

"దొరికారు! నా సీసాలతో మీకేం పని?"

"మీరు కింద ఉన్నారు కదమ్మా, అందుకని..."

"నేను కింద ఉంటే మీరు పైన చెయ్యి పెట్టేస్తారా? ఎవరి కోసం చేస్తున్నారీ పని?"

ఆయన చేతిలోని సీసా మూత బిగించి, జాగ్రత్తగా లోపల పెట్టి, వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్రొఫెసరు గదిలో పంచాయితీ.

"మనిషి మంచివాడేనమ్మా. ఇంట్లో ఏదో ఇబ్బంది ఉందని, అడిగి మరీ ఈ బిల్డింగుకి మార్పించుకున్నాడు."

"చూశారా సార్! అడిగి మరీ వచ్చాడు."

సాయంత్రానికి ఇంక్యుబేటరుకు తాళం పడింది. తాళంచెవి చిన్న డాక్టరు మెళ్ళో చేరింది.

ఆ వారంలోనే పెద్దావిడకు మళ్ళీ ఆయాసం ఎక్కువైంది. చిన్న డాక్టరు చెయ్యి పట్టుకుని కూర్చుంది గానీ మనసంతా పైనే. నిన్నా వెళ్ళలేదు. ఇప్పుడూ వెళ్ళకపోతే కణాలు దక్కవు.

"ఒక్క అరగంట పెద్దమ్మా. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను."

ఈసారి ఆవిడ కూర్చోమనలేదు. మెళ్ళోని తాళంచెవి వైపు చూసింది.

"వెళ్ళిరా తల్లీ. ఇక నువ్వే చూసుకోవాలిగా."

కణాలు దక్కాయి.

పరుగున కిందికి వచ్చేసరికి నర్సు ఆక్సిజన్ మాస్కు తీసేస్తోంది.

"మీ చెయ్యి కోసం తడుముకుంది డాక్టరమ్మా," అంది నర్సు. "నేను పట్టుకున్నా. మీదే అనుకుందో ఏమో, కాస్త కుదుటపడింది."

చిన్న డాక్టరు ఆవిడ దుప్పటి సరిచేసింది.

"ఇంట్లోవాళ్ళకి చెప్పారా?"

"ఆవిడ భర్తని లోపలికి రమ్మన్నాం. క్రిములు సోకకుండా వేసుకునే ఆస్పత్రి గౌను తొడుక్కునేలోపే అయిపోయింది. అదుగో, రోజూ నిలబడేచోటే ఉన్నాడు. మీ వెనకాలే."

ఆ గదిలో మొదటిసారి ఆమె అద్దం వైపు తిరిగింది.

అవతల, ఒక్క చెయ్యి మాత్రమే గౌనులోకి దూర్చి అలాగే నిలబడిపోయిన మనిషి. రెండో భుజం మీద గళ్ళచొక్కా.